ఏ ఊరు దాటీసేం, ఏ ఊరొస్తాది

నా చిన్నప్పుడు మా ఇంట్లో నిద్రలేచినవాళ్ళని ముందుగా అడిగే మాట ‘ఏ ఊరు దాటీసేం?’ అనేదే. మా నాన్న లారీ డ్రైవరు. రాయగడలో రైలు కట్ట పక్క వీధిలో ఉండేవాళ్ళం. ఆ వీధి నిండా పార్వతీపురం వైపు నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళే. అమ్మ మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చేది.

నాన్న బండికి ఇద్దరు డ్రైవర్లు. రెండో ఆయన మా పక్కింట్లోనే ఉండేవాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. రాయగడలో కాగితం చుట్టలు ఎక్కించుకుని, కొరాపుట్ కొండదారుల్లో ఘాటీలెక్కి రాయపూర్ దాకా వెళ్ళేవారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు సీటు వెనకనున్న బల్ల మీద నడుం వాల్చేవారు. దారంతా ఒకరి గురకని ఒకరు వెక్కిరించుకుంటూ వెళ్ళి, పగటిపూటే ఇల్లు చేరి, మా అరుగు మీద కూర్చుని మళ్ళీ అదే గురక గురించి కొట్లాడుకునేవారు.

వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. అది మావయ్య పెట్టిందే. బల్ల మీంచి లేచినవాడు స్టీరింగు ముట్టుకునే ముందు రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఏ ఊరు దాటేం, ఏ ఊరు వస్తుంది. కిటికీలోంచి చూసి, కొండనో వాగునో పోల్చుకుని తిన్నగా చెప్పాలి. తడబడితే ఇంకో ఊరిదాకా పడుకోవలసిందే. కళ్ళు తెరిచినంత మాత్రాన మనిషి లేచినట్టు కాదని, కాళ్ళూ చేతులూ ముందు లేస్తాయనీ, బుర్ర మాత్రం వెనక ఊళ్ళోనే పడుకుని ఉంటుందనీ మావయ్య అనేవాడు. ఆ ఆట నాకూ అంటుకుంది. నాకు ఎక్కాలు రాకముందే రాయగడ, లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ, కొరాపుట్, జయపురం అని వరసగా అప్పజెప్పేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా బండి షావుకారు ఇంకో లారీ కొన్నాడు. ఒక బండికి ఇద్దరెందుకన్నాడు. నాన్నని పాతదాని మీద ఉంచి, మావయ్యని కొత్తదాని మీదికి మార్చాడు. ఇద్దరున్నప్పుడు ఎన్ని రోజుల్లో వెళ్ళి వచ్చేవారో ఒక్కడూ అన్ని రోజుల్లోనే వెళ్ళి రావాలన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. బండంతా మా నాన్నదే అని వీధిలో పిల్లలందరికీ చెప్పుకున్నాను. తెలివితక్కువదాన్ని.

ఆ నాలుగైదు నెలల్లో నాన్న వేరే మనిషయ్యాడు. నిద్ర రాకుండా పచ్చిమిరపకాయ కొరుక్కుని నడిపేవాడట. పెదవులు ఎప్పుడూ పగిలి ఉండేవి. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పడుకునేవాడు. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి కంచంలోనే ఉంచి కునుకు తీసేవాడు. అమ్మ ఆ చెయ్యి కడిగి, తువ్వాలుతో తుడిచి, పక్క వేసేది. బండి మీద క్లీనరు ఉండేవాడు గానీ అతనికి నడపడం రాదు.

ఒకరోజు మావయ్య కొత్త బండి మీద బయల్దేరుతూ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచాడు. లారీ తాళం మా తలుపు పక్క మేకుకి వేలాడేది. దాన్ని చూపించి నాకొక పని అప్పజెప్పాడు.

“మీ నాన్నని అడగడానికి బండిలో ఎవులూ లేరమ్మి. ఇంటికాడ నువ్వడుగు. తిన్నగా సెప్తేనే తాళం ఇయ్యి. నేదంటే ఇవ్వకు, మీ అమ్మని పిలు.”

నేను ఆ పని గొప్పగా చేశాను. నాన్న లేవగానే మేకు కింద నిలబడి అడిగేదాన్ని. ఆయనా నన్ను ఏడిపించడానికి మంచం దాటీసేం, నీళ్ళ గోలెం వస్తాదనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత రాయగడలో ఉన్నాను తల్లీ, లక్ష్మీపూర్ వస్తాది అని సరిగ్గా చెప్పి తాళం పుచ్చుకునేవాడు.

ఆ రోజు పొద్దున్నే రాయపూర్ నుంచి వచ్చి పడుకున్నాడు. మధ్యాహ్నానికే షావుకారు మనిషి సైకిలు మీద వచ్చి, సరుకు ఎక్కించేశారు, వెంటనే కదలాలని తలుపు కొట్టాడు. అమ్మ హాజరు వేయించుకోవడానికి మునిసిపాలిటీకి వెళ్ళింది. క్లీనరు జ్వరమొచ్చి గుడారి ఊళ్ళోని తన ఇంటికి వెళ్ళిపోయాడు. నాన్న లేచి కూర్చున్నాడు. నేను మేకు కింద నిలబడి అడిగాను.

“కాకిరిగుమ్మ దాటీసేం. లక్ష్మీపూరొస్తాది,” అన్నాడు.

అది ఇంటికి తిరిగి వచ్చే దారి. మంచం మీద కూర్చున్న మనిషి ఇంకా ఘాటీలోనే ఉన్నాడు. నేను అదీ ఒక వేళాకోళమే అనుకుని పకపకా నవ్వాను. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. నేను రెండోసారి అడగలేదు. నేనే ముక్కాలిపీట ఎక్కి, తాళం తీసి, ఆయన చేతిలో పెట్టాను.

చీకటి పడకముందే కబురొచ్చింది. ఘాటీ మలుపులో బండి లోయలోకి వెళ్ళిపోయింది. మర్నాడు నాన్నని ఇంటికి తెచ్చారు. మొహం చూడనివ్వలేదు.

మావయ్య మూడో రోజుకి గానీ రాలేకపోయాడు. అప్పటికి నేను మాట్లాడటం మానేశాను. ముద్ద మింగుడుపడేది కాదు. పిల్ల బెదిరిందని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం మేకు వైపు చూసి, నా వైపు చూసి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు. జరిగింది చెప్పేశాను. నాన్న ఏమన్నాడో, నేనెలా నవ్వానో అన్నీ చెప్పాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“నాను లక్ష్మీపూర్ల టీకొట్టు కాడ ఆగి అడిగేనమ్మి. మీ నాన్న అక్కడ దిగేడంట. మొకం కడిగేడు, టీ తాగేడు, కొట్టోడితో సక్కగా కబుర్లు సెప్పేడంట. నిద్ర తేలిపోయింది. ఆ తరవాతే ఘాటీల బ్రేకు అందలేదు. నువ్వు నవ్వినందుకు కాదు.”

ఇంకో మాటా అన్నాడు. “అడగడం నీ పని కాదమ్మి. పక్కన కూకుని నాను అడగాల. సిన్నపిల్లకి సెప్పీసి ఎలిపోనాను. తప్పు నాది.”

ఆ రాత్రి అన్నం తిన్నాను. ఆ టీ గ్లాసు పట్టుకునే పెరిగాను. మా నాన్న మొహం కడుక్కున్నాడు, టీ తాగాడు, మెలకువగా ఉన్నాడు. మావయ్య మళ్ళీ ఒంటరిగా బండెక్కలేదు. ఇద్దరుంటేనే నడుపుతానన్నాడు. షావుకారు అక్కర్లేదన్నాడు. బస్టాండు దగ్గర టైర్లకి పంచర్లు వేసుకుంటూ బతికాడు.

పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు నర్సు శిక్షణకి కొరాపుట్లో చోటు దొరికింది. అమ్మా నేనూ బస్సులో బయల్దేరాం. రాయగడలోనే పుట్టి పెరిగినా నేను ఆ దారిన వెళ్ళడం అదే మొదలు. అమ్మ అప్పటిదాకా వెళ్ళనివ్వలేదు. ఘాటీలో ఒక మలుపు దగ్గర సున్నం కొట్టిన రాయి కనిపించింది. మావయ్య నిలబెట్టిందట. అమ్మ చేతులు జోడించి, ఇక్కడే, అంది.

నేనూ చేతులు జోడించాను. చిన్నప్పటి అలవాటు కదా, ఏ ఊరు దాటీసేం అని నాలో నేను అనుకున్నాను. రాయగడ. ఏ ఊరొస్తాది? చాలాసేపటికి కండక్టరు లక్ష్మీపూర్, లక్ష్మీపూర్ అని కేకేశాడు. జనం దిగారు. రోడ్డు పక్కన టీకొట్లున్నాయి. బండి పడిన మలుపు ఎప్పుడో వెనకే ఉండిపోయింది. మా నాన్న వాటిదాకా రానే లేదు. ఆ రోజు ఆయన ఎక్కడా దిగలేదు, మొహం కడుక్కోలేదు. నేను చేతిలో పెట్టిన తాళంతో, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

కిటికీ ఊచకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాను. అమ్మ బస్సు పడలేదనుకుంది. జీవితమంతా ఊళ్ళ వరస తప్పితే ఊరుకోని మావయ్య, నా ఒక్కదానికోసం ఒక ఊరిని ఆ మలుపుకి ఇవతలికి జరిపాడు. ఆ సంగతి ఆయనతో ఎన్నడూ అనలేదు.

మావయ్య చివరి రోజులు రామనగుడలో కూతురింట్లో గడిచాయి. అప్పటికి మతిమరుపు బాగా ముదిరింది. చూడ్డానికి వెళ్ళాను. కూతుర్నే గుర్తుపట్టడం లేదు. పక్కన కూర్చుని, ఏమడగాలో తోచక, ఏ ఊరు దాటీసేం మావయ్యా అన్నాను. కళ్ళు నా వైపు తిరిగాయి.

“లక్ష్మీపూర్ దాటీసేమమ్మి. మీ నాన్న టీ తాగేడు కదా. ఇప్పుడు ఘాటీ వస్తాది.”

అవును మావయ్యా అన్నాను. అన్నీ మరిచిపోయినా ఆ ఒక్క అబద్ధం మాత్రం భద్రంగా దాచుకున్నాడు. బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఇప్పుడు నా మనవడు బండి నడుపుతాడు, ఒక్కడే, మూడు రాష్ట్రాలు దాటి వెళ్తాడు. దారి ఫోను చెబుతుందట. మెలకువగా ఉన్నావా అని మాత్రం ఆ ఫోను అడగదు. వాడు ఇంట్లో పడుకుంటే తాళం తీసి కొంగున ముడేసుకుంటాను. లేవగానే ఏ ఊరు దాటీసేం, ఏ ఊరొస్తాది అని అడుగుతాను. వాడు ఆవులిస్తూ మంచం దాటీసేం నానమ్మా అని హాస్యమాడతాడు. ఇంట్లో అందరూ నవ్వుతారు. నేను నవ్వను. కొంగు ముడి విప్పకుండా, మొహం కడుక్కుని రమ్మని వాణ్ణి గోలెం దగ్గరికి పంపి, మళ్ళీ అడుగుతాను.