అంకాపూర్ దారిలో నా గుండె దడ

మనసు కూడా అలసిపోతుందనీ, దానికీ కాస్త మరమ్మతు కావాలనీ ఇప్పుడు బడిపిల్లలు కూడా చెబుతున్నారు గానీ, నేను ఆర్మూర్‌లో పని నేర్చుకున్న ఎనభైల్లో మాకు తెలిసిన జబ్బులు రెండే: జ్వరం, కడుపునొప్పి. ఆ రెండూ కానిది ఏదొచ్చినా పిచ్చి కింద జమ. అందుకే ఇరవై రెండేళ్ల వయసులో నా గుండె ఊరికే దడదడలాడటం మొదలుపెడితే ఆ సంగతి కడుపులో దాచుకున్నాను. మా మేనమామది రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం. అక్కడ వేలంపాట నడిపేది నేను. కుప్ప ముందు నిలబడి పసుపు కొమ్ము విరిచి చూపించేవాడి చెయ్యి వణికిందా, సరుకులోనే ఏదో లోపం ఉందని కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఈ దడకు నా చేతులు కూడా వణుకుతున్నాయని తెలిస్తే మామ నన్ను మా సొంతూరు సిరికొండ బస్సెక్కించేస్తాడు. అక్కడ నాన్నకున్న ఎకరం చెలక కోసం అన్నలిద్దరూ అప్పటికే కొట్టుకుంటున్నారు.

రాత్రి నిద్ర లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే కూర్చోవాలి. దుకాణానికి తాళం వేసి సగం దూరం పోయి, వేశానో లేదోనని వెనక్కి పరుగెత్తేవాణ్ణి. చివరికి దొంగచాటుగా దవాఖానకు పోతే డాక్టరు గారు నవ్వేశారు. "గుండె మస్తుగున్నది. చాయ తగ్గియ్యి, పొద్దుగాల జర నడువు, మనసులున్నది ఎవలకన్న చెప్పు" అన్నారు. చాయ తగ్గించడం నా చేతిలో లేదు. వచ్చిన ప్రతి రైతుతోనూ కలిసి తాగాల్సిందే, ఆయన ముందు చాయ వద్దంటే ఆయన సరుకు వద్దన్నట్టే లెక్క. మనసులోది చెప్పడమా, ప్రాణం పోయినా చెప్పను. ఇక మిగిలింది నడక.

అప్పట్లో ఆర్మూర్‌లో పనిలేకుండా ఎవరూ నడిచేవారు కాదు. తెల్లవారుజామున చేతిలో చెంబు ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఉత్త చేతులతో కనిపిస్తే అందరూ అడుగుతారు. (చెంబు పట్టుకుపోవాలనే తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది.) మొదటి రోజే ఎదురు దుకాణం సావుకారి తన గుమ్మంలోంచి కేకేశాడు.

"ఎటు పోతున్నవ్‌రా గింత పొద్దుగాల?"

"ఊకెనే."

ఊరికే అంటే ఏ వ్యాపారి నమ్ముతాడు? అడ్తి దుకాణం మనిషి, అందునా పసుపు సీజన్లో, పసుపు పండే అంకాపూర్ దారి పట్టాడంటే రైతుల కల్లాల మీదే సరుకు మాట్లాడేసుకుంటున్నాడని, అంటే ధర పెరగబోతోందని అర్థం. మర్నాడు నా వెనక ఆయన. ఆ తర్వాతి రోజు ఆయన వెనక ఇంకో ఇద్దరు. నాకేమో వెనక అడుగులు వినిపిస్తే దడ ఎక్కువై వేగం పెంచేవాణ్ణి. నేను వేగం పెంచితే వాళ్లకు అనుమానం ఎక్కువై పంచెలు ఎగ్గట్టేవారు. ఆ వారం చివరికి ఊరి పసుపు వ్యాపారమంతా ఆయాసపడుతూ నా వెంట వచ్చింది. అంకాపూర్ పొలిమేరలో నేను వెనక్కి తిరిగేసరికి చుట్టుముట్టారు.

"నిజం చెప్పు, ఏ కల్లం? ఎవలి సరుకు?"

నాకు ఏడుపొచ్చేసింది. "కల్లం లేదు గిల్లం లేదు. నాకు గుండె దడ. నిద్ర పడ్తలేదు. నడువుమన్నరు, నడుస్తున్న. మామకు చెప్పకుర్రి, మీ కాళ్లు మొక్కుత!"

ఎదురు దుకాణం సావుకారి రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. "నాకు గూడ నిద్ర పడ్తలేదురా. పిచ్చంటరని ఇంట్ల గూడ చెప్పలే" అన్నాడు. ఇంకొకాయన, "పాట షురూ గాంగనే నేను లెక్కలన్ని మర్చిపోత" అన్నాడు, తన చెప్పుల వంక చూసుకుంటూ. అప్పుడు కనిపించాడు, అందరికంటే వెనక, రొప్పుతూ మా మామ. సొంత మేనల్లుడు పరాయి దుకాణానికి సరుకు కుదురుస్తున్నాడేమో పట్టుకుందామని వచ్చినవాడు, నేనన్నదంతా విన్నాడు. సిరికొండ బస్సు నా కళ్ల ముందు ఆగింది.

"ఎప్పటిసంది?" అన్నాడు మామ.

"దీపావళి కాన్నుంచి."

కండువాతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. "నాకు మీ అత్త పోయినసంది" అన్నాడు. "రేపు నన్ను గూడ లేపు."

దడ ఒక్కరోజులో పోలేదు. కానీ పక్కన నడిచేవాళ్లకు కూడా ఉందని తెలిశాక దానికి కాస్త సిగ్గు వచ్చినట్టుంది, తగ్గుతూ వచ్చింది. ఆనాటి మామ వయసు దాటేశాను. ఇప్పటికీ పొద్దున్నే ఆ దారిన పోతుంటే, లోకంలో తనొక్కడికే గుండె ఉందనుకుని దాన్ని దాచుకుంటూ పరుగులాంటి నడక నడిచే ఆ కుర్రవాడు నాకు కనిపిస్తాడు. జర మెల్లగ నడువు బిడ్డా, వెనక అందరికీ ఆయాసం వస్తోంది అని వాడికి చెప్పాలనిపిస్తుంది.