ప్లాట్‌ఫారం టికెట్ లేని స్టేషను

"బుల్లి స్టేషనే కదా అమ్మమ్మా, సాగనంపడానికి ఐదు నిమిషాలు చాలు" అన్నావు శ్రావ్యా. చాలడం మాట తర్వాత, ఇక్కడ అసలు సాగనంపనివ్వరు.

మా అక్క ఈ రాత్రి విమానానికి విజయవాడ వెళ్తోంది. ఈ పరాయి దేశంలో మా దీవి నుంచి ఊళ్ళోకి నడిచే ప్రైవేటు మోనోరైలు అవతలి చివర వాళ్ళబ్బాయి కారుతో ఉన్నాడు. అక్క టికెట్ ఆనించి గేటు దాటింది. నా మెట్రో కార్డుకి ఆ గేటు తెరుచుకోలేదు. అక్కడున్న జగిత్యాల గార్డుని ప్లాట్‌ఫారం టికెట్ అడిగాను.

"గీడ అసొంటిది ఉండదమ్మా. టికెట్ కొనుక్కొని రైలెక్కుండ్రి."

"ఎక్కను నాయనా. రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి వచ్చేస్తాను."

"ఈ రైలు కిటికీలు తెరుసుకోవమ్మా. చెయ్యి గీన్నుంచే ఊపుండ్రి."

ఊపాను. అక్క వెనక్కి తిరగకుండానే ఎస్కలేటర్ ఎక్కేసింది.

మందులు పెట్టుకున్నావా, కళ్ళజోడుందా అని మనం అడిగేది రైలు కిటికీ దగ్గరే. ఇంట్లో అడగడం మన వంశంలో లేదు. ఇంటికి తిరిగొచ్చి నా సంచి తెరిస్తే అక్క కళ్ళజోడు అందులోనే ఉంది. అది లేకపోతే విమానాశ్రయంలో బోర్డు మీద ఒక్క అక్షరం చదవలేదు, పంతానికి ఎవరినీ అడగదు. డ్రైవరు లేకుండా రైలు నడిపిన మహానుభావులకి, వీడ్కోలుకొచ్చిన మనిషిని ఎక్కడ నిలబెట్టాలో మాత్రం తోచలేదు. ఇది చదివే మిగతావాళ్ళు, మీ వైపు స్టేషన్లలో ఎలా సాగనంపుతున్నారో చెప్పండి.

శ్రావ్యా, కళ్ళజోడు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాను. ఆఫీసు నుంచి రాగానే పట్టుకుని విమానాశ్రయానికి పరుగెత్తు. అక్క లోపలికి వెళ్ళకముందే ఇచ్చి, మందులు పెట్టుకుందో లేదో అడుగు. ఆమె కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడు.