విన్న కబురు మనది కాదు

మార్చి నెల, ఆదివారం. పొద్దున్నుంచీ మబ్బు, ఈదురుగాలి. బట్టలారబెట్టే డ్రయర్ గొట్టంలో పేరుకున్న పీచు తీసి పారేశాను. చేతులు కడుక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను.

మా పక్కింటి పెద్దాయన పోయిన ఆదివారం హాస్పిటల్లో కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న పోయారు," అంది. నేను "వస్తున్నా" అని మాత్రం అనగలిగాను. ఎక్కువ మాట్లాడటం నాకు ముందునుంచీ చేతకాదు. ఆయనకు అది నచ్చేదనుకుంటాను.

న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు దగ్గర్లో ఉన్న ఈ వీధిలో ఆయన్ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజినీరు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, స్కానర్. పోలీసులు, ఫైర్, అంబులెన్స్ వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే మాటలు వినిపించే చిన్న రేడియో అది. వంటింటి కిటికీలో, కరివేపాకు కుండీ పక్కన ఉండేది. పాత రేడియోలు విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కనుక నాకూ దాని మీదికి మనసు పోయింది. శనివారం ఉదయాలు ఆయన వంటింట్లో కాఫీ తాగుతూ ఇద్దరం వినేవాళ్ళం. రేడియోలో ఇంటి నంబరు మొదలవగానే ఆయన చెయ్యి వెళ్ళి సౌండు తగ్గించేసేది. నంబరు చెప్పడం అయిపోయాక మళ్ళీ పెంచేవారు. ఎవరైనా ఇంటికి వస్తే అసలు కట్టేసేవారు.

"వినడం ఏం కష్టం కాదోయ్. విని ఊరుకోవడమే కష్టం," అనేవారు.

ఒకసారి న్యూయార్క్ వెళుతూ దాన్ని నా కారులో పెట్టుకున్నాను. ఆయన చూసి, డోర్ తీసి, రేడియోను చంకలో పెట్టుకున్నారు.

"ఆ స్టేట్‌లో పర్మిట్ లేకుండా ఇది కార్‌లో దొరికితే ఆఫీసర్‌కి ఏం చెప్తావు? పాటలు వింటున్నా అంటావా?"

"ఇక్కడ పర్లేదు కదండీ?"

"స్టేట్ దాటావంటే రూల్ మారుతుంది. చదువుకుని బయల్దేరు."

ఇంకోసారి రెండు వీధుల అవతల మంటలని రేడియోలో విని, చూడటానికి లేచాను. "కూర్చో. నువ్వెళ్ళి నిలబడితే ఫైరింజన్‌కి ఒక కారు అడ్డం, పోలీసుకి ఒక అనుమానం. అంతకుమించి నీవల్ల అక్కడ ఒరిగేదేం లేదు," అన్నారు. కూర్చున్నాను.

ఇంత జాగ్రత్త ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో ఆయనే చెప్పారు, అదీ ఒక్కసారే. అందరికీ తెలియాలని నేనిప్పుడు రాస్తున్నాను. రాయమని వాళ్ళమ్మాయి కూడా అంది.

కొన్నేళ్ళ కిందట మా వెనక వీధిలో ఒక కుర్ర ఇంజినీరు ఇల్లు కొనుక్కున్నాడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు. గృహప్రవేశానికి అందరినీ బొట్టు పెట్టి పిలవాలని, మెసేజ్ పెడితే పిలిచినట్టు కాదని వాళ్ళమ్మ పట్టుబట్టింది. ఇద్దరూ బూడిద రంగు వ్యాన్‌లో బయల్దేరారు. నంబర్లు చూసుకుంటూ మెల్లగా నడిపేవాడు. బెల్ కొడితే ఎవరూ పలక్కపోయినా, గుమ్మం ముందు చెప్పులు ఉన్నాయంటే లోపల మనుషులున్నట్టే కదా అని, తలుపు పక్క అద్దంలోంచి తొంగి చూసేవాడు. మన వీధుల్లో మనవాళ్ళు చేసే పనే అది. ఎదురింట్లో ఎవరికో అది దొంగతనానికి ఇళ్ళు చూసుకుంటున్నట్టు కనిపించింది. పోలీసులకు ఫోన్ చేశారు.

పెద్దాయన స్కానర్‌లో విన్నారు: బూడిద రంగు వ్యాను, ఒక మగ, ఒక ఆడ, తలుపులు చూసుకుంటూ తిరుగుతున్నారు. అంతకుముందే రెండిళ్ళలో బంగారం పోయి ఉంది. ఆయన వెంటనే వీధి తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

అక్కడినుంచి గ్రూపు అందుకుంది. "ఇప్పుడే మా డోర్‌కి వచ్చారు, ఓపెన్ చేయలేదు!" "కెమెరాలో చూశా, వాడి చేతిలో ఏదో ఉంది." వాడి చేతిలో ఉన్నది వాళ్ళమ్మ పట్టుకోమని ఇచ్చిన కుంకుమ భరిణె. ఆ 'ఏదో' అన్న మాటనే ఒకరు మళ్ళీ పోలీసులకు చెప్పారు. మూడు కార్లు వచ్చాయి. కుర్రాణ్ణి చేతులు తలమీద పెట్టించి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళమ్మ వ్యాను దగ్గర నిలబడి ఆఫీసరుతో తెలుగులోనే, "బొట్టు పెట్టడానికొచ్చాం నాయనా, బొట్టు," అని చెబుతూనే ఉందట.

విషయం అర్థమై వదిలేశారు. కేసేమీ లేదు. కానీ ఆ ఏడాది పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళడానికి ఆ కుర్రాడికి ధైర్యం చాలలేదు. ఎక్కడో తన పేరు పడి ఉంటుందని, ఎవరో అడుగుతారని భయం. ఇంటి లోను, ఉద్యోగం, వీసా, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవాడికి ఆ భయం చిన్నది కాదు.

మర్నాడు గ్రూపులో అందరూ తమ తమ మెసేజ్‌లు తుడిచేసుకున్నారు. పెద్దాయన మాత్రం తనది తుడవకుండా ఆ ఇంటికి నడిచి వెళ్ళారు.

"మొదట గ్రూప్‌లో పెట్టింది నేనే బాబూ."

కుర్రాడు తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడట. తర్వాత, "ఆ రోజు నెక్స్ట్ మీ ఇంటికేనండీ వస్తున్నది," అన్నాడట.

లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది. "అయితే మీరూ తలుపు తీసేవారు కారన్నమాట. సరే, మీరే మా గుమ్మం ఎక్కారు కాబట్టి ఇక్కడే పిలుస్తున్నా. ఆదివారం భోజనానికి రండి. కెమెరాలో మా మొహాలు చూసుకుని మరీ వస్తారో, తిన్నగా వస్తారో మీ ఇష్టం," అందట. ఆయన వెళ్ళారు. వంకాయ కూర చాలా బాగుందని నాకు చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

"రేడియోలో వచ్చేది జరిగింది కాదోయ్. ఎవరో భయపడి అనుకున్నది. ఆ భయాన్ని తీసుకెళ్ళి నలుగురికీ నిజమని పంచాను," అన్నారు.

ఆ తర్వాత ఆయన విన్నదేదీ వంటిల్లు దాటలేదు.

మొన్న సంతాప సభ అయ్యాక గ్రూపు అడ్మిన్ నన్ను పక్కకు పిలిచాడు. మళ్ళీ దొంగతనాలు మొదలయ్యాయి.

"బ్రదర్, అంకుల్ స్కానర్ మీకే ఇచ్చారంట కదా. జస్ట్ గ్రూప్‌కి లైవ్ పెట్టండి. పోలీస్ ఛానల్స్ లాక్ చేశారు గానీ, దాన్ని బ్రేక్ చేసే సాఫ్ట్‌వేర్ మావాడి దగ్గరుంది."

"అది నేరమండీ."

"ఎవరికి తెలుస్తుంది బ్రో?"

"నేను పెట్టను."

"ఫైర్, అంబులెన్స్ అయినా? అవి ఓపెనే కదా. కమ్యూనిటీ కోసమేగా అడిగేది!"

"అవి కూడా పెట్టను."

అతనికి కోపం వచ్చింది. రేపు ఎవరిల్లైనా దోచుకుంటే బాధ్యత నాదే అన్నాడు. అనుకోనివ్వండి. ఇది చదివే మీలోనూ కొందరికి కోపం రావచ్చు. వినాలని ఉన్నవాళ్ళు మా ఇంటికి రండి, నాకు తెలిసింది నేర్పుతాను. ముందు మీ స్టేట్ రూలు చదివి రండి. గ్రూపులో పెట్టమని మాత్రం అడగొద్దు. ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఇదే.

ఇది రాస్తుండగానే స్కానర్‌లో అంబులెన్స్ పిలుపు వచ్చింది. మా ఎదురిల్లే. ఆ ఇంటాయనకు గుండె నొప్పి. కాసేపటికి సైరన్ మా వీధిలోకి వచ్చింది, నా ఫోను మోగడం మొదలైంది. "ఎవరింటికి?" "ఏమైంది?" "బ్రదర్, మీకు తెలిసుంటుంది, చెప్పండి." ఫోను బోర్లించి పెట్టాను.

కిటికీలోంచి చూస్తే ఆయన్ని స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నారు. మాట్లాడుతున్నారు, చెయ్యి కదుపుతున్నారు. ఆయన భార్య నైటీ మీద కోటు వేసుకుని అంబులెన్స్ ముందు సీట్లో కూర్చుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. వాళ్ళబ్బాయి టెక్సాస్‌లో చదువుతున్నాడు. ఆవిడ పెదవులు మెల్లగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటున్నట్టు కదిలాయి. ఆ పిల్లవాడికి ఆ కబురు వాళ్ళమ్మ గొంతులోనే మొదట చేరుతోంది.

అంబులెన్స్ మలుపు తిరిగింది. వాళ్ళ గరాజ్ తలుపు తెరిచే ఉండిపోయింది. నేను చెప్పులు వేసుకుని వెళ్ళి, దాన్ని కిందికి దించి వచ్చాను.