దేవుడి గది గొళ్ళెం

మా అత్త పోయింది. ఆ కబురు నాకు నెల్లిమర్లలో, మా తమ్ముడి పెళ్ళయిన మర్నాడు, పుట్టింటి పెరట్లో అంట్లగిన్నెల మధ్య తెలిసింది. కోటబొమ్మాళి నుంచి మా పాలేరు రైలెక్కి వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "అమ్మ ఎల్లిపోనాదమ్మా" అన్నాడు. మా ఆయన ఉన్నచోటే కూలబడిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. "గొళ్ళెం తీసుందా?" అన్నాను.

పెళ్ళికొచ్చిన చుట్టాలంతా నన్ను వింతగా చూశారు. అత్త చచ్చిపోయిందంటే గొళ్ళెం గురించి అడిగే కోడలు ఎక్కడైనా ఉంటుందా అని వాళ్ళ మొహాల మీదే రాసుంది. పాలేరు కూడా తెల్లబోయి, "ఏ గొళ్ళెం తల్లీ?" అన్నాడు. వాడికి నేనేం చెప్పను? మీకైతే చెబుతాను. మనిషి పోయింది కదా అని నోరు విప్పుతున్నాననుకోకండి. దాచుకోవాల్సినదాన్ని ఆవిడే నడివీధిలో చెప్పేసుకుంది.

నేను కాపరానికి వచ్చింది అరవై ఆరులో. మా వీధికి కరెంటు ఇంకా రాలేదు. మావగారు అప్పటికే లేరు, ఇంటికి పెద్ద మా అత్తే. ఏ లోటూ లేని ఇల్లు. ధాన్యం, పాడి, పెరట్లో కూరపాదులు అన్నీ ఉండేవి. వానలు మొహం చాటేసిన ఏడు కూడా గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఆవిడ ఉత్త చేతులతో పంపలేదు. చేటతో బియ్యం పోసి, చాలన్నా వినకుండా ఇంకో గుప్పెడు వేసేది. ఈ సంగతి ముందు తెలుసుకోండి. తర్వాతది విన్నాక ఆవిడ్ని తప్పుగా అనుకుంటారేమోనని నా భయం.

ప్రతి శనివారం ఆవిడ దేవుడి గదిలో సింహాద్రి అప్పన్న పటం ముందు దీపం పెట్టి, శనగ గుగ్గిళ్ళు చేసి, వీధిలో ఆడవాళ్ళని ప్రసాదానికి పిలిచేది. నేను వచ్చిన కొత్తలో, మొదటి శనివారమే, ఎదురింటి చిన్నత్త పటం ముందు పీట మీంచి ఒక పువ్వుల గాజుగ్లాసు తీసి కొంగులో దాచుకోవడం చూశాను. చుట్టరికం ఏమీ లేదు, ఆవిడ మా అత్తని అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తుంది కనక నాకు చిన్నత్త అయింది. నేను ఊరుకుంటానా? పుట్టింట్లో మాకు గరిటె కనపడకపోయినా ఇల్లంతా తిరగేసే అలవాటు. ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి పట్టేసుకుని, "అయ్యయ్యో, దేవుడి ముందు దొంగతనమా!" అని అరిచాను.

"ఓలమ్మో! నా గలాసు నాను అట్టుకెల్తంటే దొంగంటాదేటి ఈ పిల్ల! జాతర్లో కొనుక్కున్నాను, అడుగు మీ అత్తని!" అంది చిన్నత్త.

అప్పుడు చూశాను. గదిలో ఉన్న ఆడవాళ్ళందరి చేతులూ కొంగుల కిందే ఉన్నాయి. ఒకావిడ కొంగులోంచి దువ్వెన పళ్ళు కనిపిస్తున్నాయి. ఇంకొకావిడ దగ్గర ఇత్తడి చెంచా ఉంది. ఎవరూ నవ్వలేదు, కోప్పడలేదు. మా అత్త మా అందరికీ వీపు పెట్టి, బాగానే వెలుగుతున్న దీపానికి వత్తి ఎగదోస్తూ కూర్చుంది. "గుగ్గిల్లలో ఉప్పు సరిపోనాదప్పా" అని ఎవరో అన్నారు. ఆ పూటకి అక్కడితో సరిపోయింది.

సాయంత్రం చిన్నత్తే నన్ను నూతి దగ్గరికి పిలిచి చెప్పింది. "మీ అత్త సెయ్యి ఊరుకోదమ్మీ. ఎవులింటికెల్నా ఏదో ఒకటి కొంగులోకి వచ్చీద్ది. తెచ్చి అప్పన్న ముందరెట్టీద్ది. శనివారం మేవొచ్చి మాయి మేం అట్టుకుపోతాం. ఎవులం ఏటీ అనం. నువ్వూ అనకు."

నేను అనకుండా ఉండగలనా? నా నోరు అలాంటిది. మర్నాడు వంటింట్లో అడిగేశాను. ఆవిడ వంకాయలు తరుగుతోంది, కత్తిపీట మీంచి తలెత్తలేదు.

"ఏటీ లేక కాదే. సూస్తాను, కన్ను దాని మీదే ఉండిపోద్ది. సెయ్యి బరువెక్కీద్ది. తీస్తే గానీ తేలికవదు. తీరా ఇంటికొచ్చీసరికి ఆ బరువు గుండెల మీదకొచ్చి కూకుంటాది. అప్పుడు అన్నం సయించదు."

"మరి దేవుడి ముందు ఎందుకు పెడతావత్తా?"

"మరెక్కడెట్టమంటావు? దాసుకుంటే దొంగతనం అయిపోద్ది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వడం లేదని చూసి ఊరుకున్నాను.

ఆవిడ దేవుణ్ణి మొక్కే పద్ధతి చూస్తే మీకూ నవ్వొస్తుంది, నవ్వండి, ఫర్వాలేదు. శ్లోకాలూ స్తోత్రాలూ ఏమీ రావు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టే అప్పన్నతో మాట్లాడేది. పెళ్ళికో పేరంటానికో పిలుపు వస్తే ముందురోజు నుంచే మొదలు. "బాబూ, రేపు ఆలింటికెల్తన్నాను. నా సెయ్యట్టుకో. పెద్ద దేవుడివి, ఆమాత్రం సెయ్యలేవా? సెయ్యలేకపోతే నాకు జొరవైనా తెప్పించీ." ఒకసారి నిజంగానే జ్వరం వచ్చింది. కంబళి కప్పుకుని వణుకుతూ, "ఇన్నాడే! నా మాట ఇన్నాడే!" అని పండగ చేసుకుంది. కుడిచేతికి పసుపుదారం కట్టుకుని ఒట్టు పెట్టుకునేది. ఒట్టు తప్పగానే దారం తెంపి దేవుడి ముందు పడేసి, "నువ్వు సూస్తా ఊరుకున్నావు కదా" అని దెబ్బలాడేది. తర్వాత ఏడ్చేది. మళ్ళీ కొత్త దారం కట్టుకునేది. ఆ దారం లేని చెయ్యిని నేను చూసిన రోజులు తక్కువ.

వీధి ఆవిడ్ని అలా కడుపులో పెట్టుకుంది కనక ఎన్నేళ్ళయినా గడిచిపోయేవేమో. కానీ ఒకసారి పక్కవీధిలో సీమంతం జరిగితే అత్తతో సహా మేమంతా వెళ్ళాం. పొరుగూరి చుట్టాలు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ పసిపిల్ల కాలి వెండిగొలుసు కనపడలేదు. మనవాళ్ళయితే శనివారం దాకా ఆగుతారు. ఆ చుట్టపావిడకి మన శనివారాల సంగతి ఏం తెలుసు? అంట్లు తోమే మనిషి మీద పడింది. జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. "పోలీసులకి పట్టిస్తాను" అని ఒకటే అరుపులు. ఆ మనిషి, "నా పిల్లల మీదొట్టమ్మా, నాను తియ్యనేదు" అని దుమ్ములో పడి మొత్తుకుంటోంది. తెలిసిన ఆడవాళ్ళందరూ నోళ్ళు కుట్టేసుకుని నిలబడ్డారు. నోరు విప్పితే మా అత్త పరువు పోతుంది, విప్పకపోతే ఆ మనిషి బతుకు పోతుంది.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి మా అత్త వస్తోంది. అరచెయ్యి చాపుకుని, అందులో గొలుసు అందరికీ కనపడేలా పెట్టుకుని, వీధి మధ్యలో నడిచి వస్తోంది. ఆ చేతికి ఆ పొద్దున్నే కట్టుకున్న పసుపుదారం ఉంది. "నానే తీసినాను. దాన్ని ఇడిసీండి" అంది. అంతే. అక్కడున్న మగవాళ్ళు, పిల్లలు, చుట్టాలు అందరూ ఆ చేతినే చూశారు. ఆ చుట్టపావిడ ఎన్ని మాటలందో నేను చెప్పను.

ఇంటికి వచ్చాక ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి, లోపల్నుంచి నన్ను పిలిచింది. "ఒసే, బయట గొళ్ళెం ఉన్నాది గదా, అది పెట్టీ."

"పిచ్చి మాటలాడకు అత్తా" అన్నాను.

"పెట్టీవే. నా మొక్కులు అయిపోనాయి. దారాలు అయిపోనాయి. ఇంక గొళ్ళెవే."

నేను పెట్టలేదు. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత వీధిలో మేళం మోగిన ప్రతిసారీ అడిగింది. చివరికి ఒకరోజు, ఎక్కడిదో బారసాల పిలుపు వచ్చినప్పుడు, నా కాళ్ళు పట్టుకోబోయింది. అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడమేమిటండీ! గొళ్ళెం పెట్టేశాను. పెట్టి, తలుపుకి ఆనుకుని గడప బయట కూర్చుండిపోయాను. ఆవిడ్ని లోపల పెట్టి నేనెక్కడికి పోతాను? లోపల ఆవిడ, బయట నేను. వీధిలో పెళ్ళిళ్ళు, పేరంటాలు నడిచిపోయేవి, మేమిద్దరం ఆ తలుపుకి చెరోవైపు ఉండిపోయేవాళ్ళం. ఆ రోజుల్లో ఆవిడ మీద నాకు కోపం వచ్చేది. అప్పన్న మీద ఇంకా ఎక్కువ వచ్చేది. ఇంత అడుగుతున్న మనిషికి ఆ ఒక్కటీ ఇచ్చేస్తే నీ సొమ్మేం పోయిందయ్యా అని నేనూ మనసులో దెబ్బలాడేదాన్ని.

తలుపులోంచి ఆవిడ మాటలు వినిపించేవి. ఒకనాడు విన్నది నేను మరిచిపోలేను. "నువ్వేమో సందనం కప్పుకున్నావు బాబూ. ఏడాదికి ఒక్కపాలి గానీ నీ ఒల్లు ఎవులూ సూడరు. నా ఒల్లు మటుకు నడీదిలో ఇప్పీసినావు. నీకు అంత సందనం ఎందుకు? నాకూ కూసింత ఇయ్యి. నాను తీసినవన్నీ కప్పీసుకుంటాను." నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆవిడకి వినపడకూడదు కదా.

వీధివాళ్ళు మాత్రం మారలేదు. శనివారం అందరూ వచ్చేవారు. పీట మీద ఏమీ లేకపోయినా కూర్చుని గుగ్గిళ్ళు తిని వెళ్ళేవారు. అప్పుడప్పుడు ఉండేది కూడా, గొళ్ళెం పెట్టని రోజుల్లో. చాలాసార్లు చిన్నత్త పువ్వుల గ్లాసే.

మా తమ్ముడి పెళ్ళికి రమ్మని ఆవిడ్ని ఎంత బతిమాలానో. "నేను పక్కనే ఉంటాను, నీ చెయ్యి పట్టుకునే కూర్చుంటాను" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పెల్లింటికా? అక్కడ తీసినవి ఎవులొచ్చి అట్టుకెల్తారే? ఈది దాటితే నాను ఉత్త దొంగనే." అత్త అడిగితే గొళ్ళెం పెట్టమనీ, మళ్ళీ మర్చిపోకుండా తియ్యమనీ చిన్నత్తకి చెప్పి నెల్లిమర్ల వెళ్ళాను. చిన్నత్తకి మతిమరుపు. పొయ్యి మీద ఎసరు పెట్టి నూతి దగ్గర కబుర్లలో పడిపోయే మనిషి.

ఇప్పుడు అర్థమయిందా, నేను గొళ్ళెం గురించి ఎందుకడిగానో? తిరిగి వస్తున్న రైల్లో నా కళ్ళ ముందు మూసిన తలుపు తప్ప ఇంకేమీ లేదు. లోపల దాహమేసి తలుపు కొట్టిందేమో. ఎవరికీ వినపడలేదేమో. మా ఆయన వాళ్ళమ్మ కోసం ఏడుస్తున్నాడు. నాకు ఏడవడానికి కూడా ముందు ఆ తలుపు తెరుచుకోవాలి.

ఇంటి ముందు జనం ఉన్నారు. చిన్నత్త నన్ను చూడగానే వచ్చి మీద పడింది. "గొళ్ళెం?" అన్నాను.

"పెట్నేదమ్మా! పెట్టమన్నాది. గుడి కాడ మేళం మోగతన్నాది, పెట్టీ అన్నాది. నాకు సేతులు రానేదు. రాయే అప్పా, మా ఇంటికొచ్చి కూకో, ఏటి అట్టుకుపోతే అట్టుకుపో అన్నాను. వచ్చినాది. దాహవంటే నీల్లిచ్చినాను. నీల్లు తాగీసి, ఆ గలాసు ఒల్లోనే ఎట్టుకుని సాలాసేపు కూకున్నాది. పోనీ తీసుకుంటాది గావాల, శనివారం తెచ్చుకుందునులే అని నాను ఇటు తిరిగీసినాను. ఎనకాలొచ్చి పిల్సినాది. 'ఇదిగోవే నీ గలాసు' అని నా సేతిలో ఎట్టినాది."

చిన్నత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "దాని మొకం నువ్వు సూడాలమ్మీ. సిన్నపిల్ల లాగ నవ్వినాది. 'అప్పన్నకి సెప్పొస్తానే' అని ఇంటికెల్లినాది. నాను ఎనకాల ఎల్లీసరికి దేవుడి గదిలో పడుకునున్నాది. పిలిస్తే పలకనేదు. తలుపులు బార్లా తీసే ఉన్నాయి."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. చిన్నత్త నన్ను పట్టుకుని, "ఉంచీసుకోయే అప్పా అనాల్సింది నాను. నా గలాసు నాకు వచ్చీసినాదని తీసీసుకున్నాను. తప్పు సేసినానేటమ్మా?" అని అడుగుతోంది. లేదు చిన్నత్తా, నువ్వు తీసుకోబట్టే ఆవిడ నవ్వింది అని చెప్పాను. ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను, అదొక్కటే నాకు మిగిలిపోయిన బాధ. ఇన్నేళ్ళు తలుపు బయట కూర్చున్నదాన్ని నేను.

మైల తీరాక వచ్చిన శనివారం అప్పన్నకి దీపం పెట్టాను. గుగ్గిళ్ళు చేశాను. పిలవకుండానే అందరూ వచ్చారు. ఆ అంట్లు తోమే మనిషి కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంటే లోపలికి పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పీట ఖాళీగా ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. చిన్నత్త కొంగులోంచి పువ్వుల గ్లాసు తీసి పీట మీద పెట్టింది.

"ఇదేమిటి చిన్నత్తా?" అన్నాను.

"ఉండనీ. వచ్చీ శనివారం అట్టుకెల్తాన్లే" అంది.

ప్రతి శనివారం వస్తోంది. గుగ్గిళ్ళు తింటుంది, గ్లాసు వైపు చూస్తుంది, ఉప్పు సరిపోయిందంటుంది. వచ్చే శనివారం అట్టుకెల్తాన్లే అని లేస్తుంది. అందరూ వెళ్ళిపోయాక నేను ఆ గ్లాసులో దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను. తలుపు దగ్గరగా వేస్తాను. గొళ్ళెం పెట్టను.