పసుపునీళ్లు తాగిన లాప్‌టాప్‌తో అనంతపురానికి

దసరా వెళ్లి అంగళ్లు తెరిచిన మొదటి రోజు, పొద్దున ఏడు గంటలకు నేనూ మా అక్క ఓబుళమ్మా కళ్యాణదుర్గం షేర్ ఆటో ఎక్కాము. నా ఒళ్లో గుడ్డసంచి, సంచిలో చచ్చిన లాప్‌టాప్. చంపింది నేనే.

పలకకంటే కొంచెం పెద్దది. ఇంటర్నెట్ చూసుకోవడానికే చేసిన చవకరకం. అరవై దాటాక నాకు అక్షరాలు దిద్దించిన టీచరమ్మ ఇప్పించింది. ఆయుధపూజనాడు కొడవలి, పార వరసలో దాన్నీ పెట్టి, బొట్టు పెట్టి, అన్నిటిమీదా చల్లినట్టే పసుపునీళ్లు చల్లాను. చిటుక్కుమని ఆరిపోయింది.

పెట్టె పోతే పోయింది. మా అక్క చెనక్కాయ చేలో కలుపు తీస్తూ పాడిన పాటలన్నీ దాంతోనే పట్టాను. మొన్న ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచేయీ మాటా పడిపోయాయి. ఆ పాటలు పోతే ఆ గొంతు ఇక లేనట్టే.

ఎనిమిదింటికి కళ్యాణదుర్గంలో అనంతపురం బస్సు దొరికింది. వెళ్లే ఆడవాళ్లు ఆధార్ కార్డు మరవొద్దు, చూపిస్తే టికెట్ ఉచితం. దారి పొడుగునా వాన చాలక ఎర్రబడిన చేలే. ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"ఏమవ్వా, సంచిని సంటిబిడ్డ మాదిరి పట్టుకుండావు? ఏముండాది దాంట్లో?"

"లాప్‌టాపు."

"నీకెందుకు అది?"

"నీకు మీసమెందుకో నాకిదీ అందుకే."

బస్సులో అందరూ నవ్వారు. అక్క కూడా సగం మూతితో నవ్వింది.

పదింటికి దిగి, బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాము. రుచి బాగుంది, మిరపకాయ మాత్రం మంట. అక్కకు చిదిమి తినిపించి, ఆటోలో టవర్ క్లాక్ దగ్గరి రిపేరు అంగడికి చేరాము.

అంగడాయన స్క్రూలు విప్పి చూశాడు. లోపలంతా పచ్చటి మరకలు.

"ఏమవ్వా, దీంట్లో చిత్రాన్నం కలిపినారా?"

"పూజ చేసినామప్పా."

"దేవునికే ఇచ్చేసినారు. ఇంక లేయదు."

"మరి పాటలు?" అన్నాను.

"పాటలు దీంట్లో యాడుంటాయి? ఇట్లాంటి చిన్న మిషన్లు దగ్గరేమీ పెట్టుకోవు, అంతా నెట్లోనే దాస్తాయి. పాస్‌వర్డ్ గుర్తుంటే నా మిషన్లో తీస్తా."

"ఎందుకుండదు? మా మేక పేరు. చుక్కలమ్మ!"

"గట్టిగా అరవద్దవ్వా!" అని ఆయన తల పట్టుకున్నాడు. అప్పటికే అంగట్లో అందరూ విన్నారు.

తన మిషన్లో ఏదో నొక్కాడు. మా అక్క పాడింది.

ఇన్నాళ్లూ నేను తుడిచి, గుడ్డ కప్పి, మొక్కిన పెట్టెలో ఏమీ లేదన్నమాట!

"ఇయన్నీ ఇంతకాలం యాడుండాయప్పా?"

"ఏ దేశంలోనో, పెద్ద పెద్ద మిషన్లలో."

"మమ్మల్నడక్కుండా మా అక్కను దేశం దాటించినారా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అంతలో అక్క వైపు చూశాను. స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో ఒళ్లోని చీర కుచ్చెళ్లను పాటకు తగ్గట్టు పీకుతోంది. కలుపు తీస్తోంది. అంగడాయన పాట ఆపబోతే ఆయన చేయి పట్టుకున్నాను.

పాటలు నా ఫోన్లోకి ఎక్కించి, పాస్‌వర్డ్ మార్పించాడు. కొత్తది మీకూ చెప్పను.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. అక్క సంచిలోంచి పెట్టెను బయటికి లాగింది. మూతమీద నేను పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. దాన్ని వేలితో గీకి అక్క గొంతు మీద బొట్టు పెట్టాను. నడి బస్సులో ఇదేం పని అన్నట్టు నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. వేయనీ. వచ్చే ఆయుధపూజకు కొడవలి పక్కన కూర్చోబెట్టేది ఆమెనే. పసుపునీళ్లు మాత్రం చల్లను.