పొద్దున్నే లేచే వంతు

టీచర్ గారు పోయారని ఫ్రిస్కో నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్ పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. క్రిస్మస్‌కి కూతురింటికి వెళ్ళిన మనిషి, ఆ మర్నాడే అమెరికాలో మేముండే ఊరు నోవైకి తిరిగి రావాల్సిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. "బ్యాగ్ సర్దేసి డోర్ దగ్గర పెట్టుకుంది అక్కా. ఈ వారం మన వంతు, లేట్ కాకూడదు అని..." అంది ఆ అమ్మాయి.

ఆ రోజు ఏడుపే వచ్చింది. కోపం మూడు వారాల తర్వాత వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించాలంటారు. టీచర్ గారి గురించి గొంతు తగ్గించి రాస్తే ఆవిడకే నచ్చదు.

వంతంటే ఏమిటో ముందు చెప్పాలి. మా హైస్కూల్లో ఆవిడ బయాలజీ చెప్పేవారు, నేను లెక్కలు చెబుతాను. ఎనిమిదేళ్ళ కిందట కోస్తాలో ఒక చిన్న ఊళ్ళో ఉన్న గవర్నమెంట్ హైస్కూలుతో ఆవిడ ఒక ఎక్స్‌ఛేంజ్ మొదలుపెట్టి, నన్నూ అందులోకి లాగారు. మా స్కూలు వెనక ఒక నీటిగుంట ఉంది, వాళ్ళ స్కూలు వెనక ఒక పంటకాలువ ఉంది. రెండుచోట్లా పిల్లలు నీళ్ళు పరీక్ష చేసి, పురుగుల్నీ నత్తల్నీ లెక్కపెట్టి, ఒకే రకం నోట్‌బుక్‌లో రాసుకుని, వారానికోసారి వీడియోలో కూర్చుని చెప్పుకోవాలి. వినడానికి చిన్న పనే. కానీ చలికాలంలో మాకూ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా. ఎవరో ఒకరు నిద్ర మానుకోకపోతే కలవడం కుదరదు.

టీచర్ గారు పెట్టిన రూలు ఒక్కటే. ఒక వారం మా పిల్లలు చీకట్లో లేచి పొద్దున ఆరున్నరకల్లా క్లాసులో ఉండాలి, అప్పుడు అక్కడ సాయంత్రం ఐదు. తర్వాతి వారం వాళ్ళు తెల్లవారుజామున లేచి మొదటి బస్సుకి వచ్చి ఆరున్నరకి కూర్చుంటారు, అప్పుడు మాకు రాత్రి భోజనాలయ్యే వేళ. ఒకసారి మనం, ఒకసారి వాళ్ళు. వాన పడినా, మంచు పడినా అంతే.

మొదటి పేరెంట్స్ మీటింగ్‌లోనే గొడవైంది. ఒక తెలుగు తండ్రి, ఐటీలో పెద్ద ఉద్యోగం, చాలా మర్యాదగా లేచాడు. "మేడమ్, పిల్లలకి స్లీప్ ఇంపార్టెంట్ కదా. అక్కడివాళ్ళు ఎలాగూ ఎర్లీగానే లేస్తారు. ఎప్పుడూ వాళ్ళ మార్నింగే పెట్టేద్దాం. వాళ్ళకి అలవాటే."

టీచర్ గారు కళ్ళజోడు తీసి చున్నీతో తుడిచారు. అలా తుడిచారంటే ఎదుటివాళ్ళకి మూడిందన్నమాట. "మీరు హైదరాబాద్‌లో ఎన్నేళ్ళు పనిచేశారండీ?"

"సిక్స్ ఇయర్స్ మేడమ్."

"క్లయింట్ కాల్ ఎన్నింటికుండేది?"

"నైట్ టెన్, టెన్ థర్టీ... వాళ్ళకి కన్వీనియెంట్‌గా."

"మీకు అలవాటేనా?"

ఆయన కూర్చున్నాడు. హాల్లో సగంమంది ఒకప్పుడు ఆ కాల్‌కి అటువైపు కూర్చున్నవాళ్ళే. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఇటు రాగానే మర్చిపోయారు. నేనేమీ మినహాయింపు కాదు. అప్పుడు నా చిన్నవాడికి ఏడు నెలలు. ఆ తండ్రి మాట్లాడుతుంటే లోపల్లోపల, పాపం నిజమే కదా అనుకున్నాను. బయటికొచ్చాక ఆవిడతో, "మేడమ్, సర్దుకుంటం అని వాళ్ళే అంటున్నరు కదా, మనకేం?" అని కూడా అన్నాను.

ఆవిడ కారు తాళం తీస్తూ ఆగారు. "అంటారమ్మాయ్. మంచివాళ్ళు కాబట్టి అంటారు. ఎవరి మంచితనాన్నీ తీసుకెళ్ళి టైంటేబుల్‌లో వెయ్యకూడదు."

ఆ ఏడాదే మార్చిలో ఇంకో సంగతి జరిగింది. ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. అక్కడ జరపరు. ఆ మాట వాళ్ళకి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మా వంతు రోజున ఆరున్నరకి కూర్చున్నాం, స్క్రీన్ ఖాళీ. ముప్పావుగంట చూసి లేచిపోయాం. వాళ్ళు ఎప్పటిలాగే తమ ఐదింటికి వచ్చి, ఖాళీ స్క్రీన్ ముందు గంటసేపు కూర్చుని వెళ్ళిపోయారు. ఆ వారం రిపోర్టులో మా ఆఫీసు "అవతలి స్కూలు హాజరు కాలేదు" అని రాసింది. ఎవరో నవ్వుతూ "ఇండియన్ టైమ్" అని కూడా అన్నారు.

టీచర్ గారు అంత ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు. "గడియారం తిప్పింది మనం. చెప్పనిది మనం. రానిది వాళ్ళా?" అని ఆ రిపోర్టు చేత్తో పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, "మేమే హాజరు కాలేదు" అని తిరగరాయించేవరకూ అక్కడినుంచి కదల్లేదు. తర్వాత ఆ స్కూలుకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, ఒక్కో పిల్లకీ పిల్లాడికీ సారీ చెప్పారు. మర్నాడు క్లాసు గోడకి రెండు గడియారాలు వచ్చాయి, ఒకటి మా టైమ్, ఒకటి వాళ్ళ టైమ్. బట్టలారేసుకునే చెక్క క్లిప్పు ఒకటి ఇంటినుంచి తెచ్చి, ఆ వారం పొద్దున్నే లేచే వంతు ఎవరిదో ఆ గడియారానికి పెట్టారు. ఎనిమిదేళ్ళూ ఆ క్లిప్పు అటూ ఇటూ మారుతూనే ఉంది. మార్చేది మాత్రం ఆవిడే, అదీ ఆ వంతువాళ్ళు అందరూ వచ్చారని చూసుకున్నాకే.

మా వంతు రోజుల్లో ఆవిడ ఐదుంపావుకే వచ్చేసేవారు. పెద్ద ఫ్లాస్కు నిండా బెల్లం వేసిన రాగిజావ, ఇంకో డబ్బాలో ఇడ్లీలు, ఒక సీసాలో కారప్పొడి. మొదట్లో పిల్లలు జావ వైపు అనుమానంగా చూసేవాళ్ళు. రెండో ఏడాదికి "ఆంటీ, మోర్ జావ ఉందా?" అని తెలుగురాని పిల్లలు కూడా అడిగేవాళ్ళు. ఆదివారాలు తెలుగు చర్చిలోనూ అంతే, పాటలకి అరగంట ముందే వచ్చి కుర్చీలు వేసేవారట. మనవాళ్ళు లేటుగా వస్తారని ఎవరైనా జోకేస్తే నవ్వేవారు కాదు. "ఎవరి మనవాళ్ళండీ?" అని అడిగేవారు.

ఊరికే పొగడటం నాకు చేతకాదు, ఆవిడతో వేగడం అంత తేలికేం కాదు. నా స్లయిడ్లు తిరగరాసేవారు. నా తెలంగాణ మాటని వెక్కిరించి, నేను ఆవిడ "అండీ"ల్ని వెక్కిరిస్తే మాత్రం రెండు రోజులు ముభావంగా ఉండేవారు. అయినా ఒక్క వారం కూడా వంతు తప్పనివ్వలేదు.

ఇక ఆ మూడు వారాల తర్వాతి సంగతి. స్కూల్లో సంస్మరణ సభ పెట్టారు. ఫొటోకి పూలు పెట్టారు, బల్లమీద కుకీలు పెట్టారు. ప్రిన్సిపల్ మాట్లాడుతూ, ఈ ప్రాజెక్టుకి ఇకనుంచి ఆవిడ పేరే పెడుతున్నామన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, నా చేతులకి సిగ్గులేక. సభ అయిన గంటకి మెయిల్ వచ్చింది. పైన ఆవిడ పేరు, ఫొటో. కింద కొత్త టైమ్: విద్యార్థుల సౌకర్యం కోసం ఇకమీదట ప్రతివారం ఉదయం పదింటికి, మూడో పీరియడ్‌లోనే.

ఏ విద్యార్థుల సౌకర్యం? ఇక్కడ ఉదయం పదంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఆ స్కూల్లో ఈ ప్రాజెక్టులో ఉన్నది పద్నాలుగు మంది, అందులో తొమ్మిదిమంది ఆడపిల్లలు, అందరూ చుట్టుపక్కల ఊళ్ళనుంచి బస్సులో వచ్చేవాళ్ళు. ఆవిడ పేరు గోడకెక్కించి, ఆవిడ ఎనిమిదేళ్ళు కాపలా కాసిన ఒకే ఒక్క మాటని గోడ దింపేశారు. పేరు పెట్టడానికి ఏమీ ఖర్చు కాదు. నిద్ర మానుకోవడమే కష్టం.

ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడేం కాదు, అందుకే నాకు ఇంకా మండింది. పిల్లల ఆరోగ్యం, అంత పొద్దున్నే బస్సులు లేకపోవడం, అన్నీ ఓపికగా చెప్పారు. వంతు ప్రకారం బుధవారం పొద్దున నా సొంత టైమ్‌లో నేనే గది తెరుస్తానన్నాను. "తెరవండి. కానీ ఎవర్నీ రమ్మని బలవంతం చెయ్యలేం" అన్నారు.

ఆ సాయంత్రమే అవతలి స్కూలు నుంచి ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తొమ్మిదో క్లాసు అమ్మాయి, కాలువ నత్తల గురించి మా పిల్లలకి పాఠం చెప్పిన పిల్ల.

"నమస్తే మేడమ్. రాత్రి ఎనిమిదిన్నరకి అంటే మమ్మల్ని ఇంట్లో పంపరండి. సాయంత్రం ఆరున్నర బస్సు పోతే ఇంకోటి లేదండి. మీకు కుదరకపోతే అన్ని వారాలూ మేమే పొద్దున్నే లేస్తామండి. మా టీచర్ గారి ప్రాజెక్ట్ ఆగిపోకూడదండి. మాకేం ఇబ్బంది లేదండి. మాకు అలవాటేనండి."

మూడుసార్లు విన్నాను. అలవాటేనట! ఆ మాట పద్నాలుగేళ్ళ పిల్ల నోటికి ఎలా వచ్చింది? అడక్కుండానే, మనకంటే ముందే, మన తరఫున ఆ పిల్లే సర్దుకుంటోంది. ఆ మెసేజ్‌ని ప్రిన్సిపల్‌కి పంపితే ఆయన సంతోషంగా ఒప్పుకునేవారు, అందరి తలనొప్పీ తీరిపోయేది. నిజం చెప్పాలంటే వేలు ఫార్వర్డ్ బటన్ దాకా వెళ్ళింది. కారు తాళం తీస్తూ ఆగిన ఆవిడ గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టాను. "వద్దమ్మా. ఈ వారం మా వంతు. మేమే లేస్తం" అని జవాబు పంపాను. మా క్లాసులో ఇరవై రెండు మందికీ, వాళ్ళ అమ్మానాన్నలకీ ఆ సంగతే రాశాను.

బుధవారం ఐదుంపావుకి గది తెరిచాను. రాగిజావ నాకు సరిగ్గా కుదరలేదు, ఉండలు కట్టింది. కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆరున్నరకి ముగ్గురు వచ్చారు. ఆనాడు మీటింగ్‌లో లేచిన తండ్రి రెండో అమ్మాయి ఒకతి, ఇంకో ఇద్దరు. ఇరవై రెండులో ముగ్గురు.

స్క్రీన్ వెలిగింది. అటువైపు పద్నాలుగు మందీ ఉన్నారు, ఆడపిల్లలు ముందు వరసలో, నోట్‌బుక్‌లు తెరిచి. మెసేజ్ పంపిన అమ్మాయి మా గదంతా వెతికినట్టు చూసింది.

"మిగతావాళ్ళు ఏరండీ?"

ఆ తండ్రి కూతురే తన అమెరికా తెలుగులో నెమ్మదిగా చెప్పింది. "పడుకున్నారు. సారీ. మా టర్న్ కదా, రావాలి."

"పర్లేదండీ" అంది అటువైపు అమ్మాయి వెంటనే.

"నో. పర్లేదు కాదు" అంది మా పిల్ల.

నత్తల లెక్కలు చెప్పుకున్నారు. గంట తర్వాత ముగ్గురూ జావ తాగి, ఉండల గురించి మర్యాదకి ఏమీ అనకుండా, ఫస్ట్ పీరియడ్‌కి వెళ్ళిపోయారు. నేను స్టూలు వేసుకుని ఎక్కి, మా గడియారానికున్న క్లిప్పు తీసి చేత్తో పట్టుకున్నాను. పక్క గడియారానికి మార్చాలి. వచ్చే వారం వాళ్ళది.

పైనుంచి చూస్తే పందొమ్మిది కుర్చీలు ఖాళీ. తర్వాత క్లిప్పుని తిరిగి మా గడియారానికే పెట్టి దిగాను.