పదును నాటి ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో మా అనంతపురం పక్క పీహెచ్‌డీ చేసినవాడికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఇంకా ఎన్నేండ్లు చదువుతావప్పా?" తొంభైల చివర నేను నేలలో తేమ ఎంతకాలం నిలుస్తుందన్న విషయం మీద డాక్టరేటు పుచ్చుకుని, కంబదూరు దగ్గరి మా ఊళ్లో అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉండేవాణ్ని. (తేమ గురించి అంత చదివాను గానీ, మా ఊళ్లో అది కంటికి కనబడేదే తక్కువ.) అలాంటి సమయంలో ఒక విశ్వవిద్యాలయం సరిగ్గా అదే విషయం మీద పోస్ట్ డాక్టోరల్ పరిశోధకుడు కావాలని ప్రకటించింది. ఉన్నది ఒక్క ఖాళీ. అది రాకపోతే మేనమామ సిమెంటు అంగట్లో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

ఇంటర్వ్యూకు ముందురోజు, అంతవరకు మొహం చాటేసిన వాన దంచికొట్టింది. తెల్లారేసరికి నేలంతా విత్తడానికి సరిపడా తడిసి పదునెక్కింది. మా మెట్ట రైతులకు పదునంటే పెళ్లి ముహూర్తం కన్నా పెద్దది. ఆరిపోయేలోగా వేరుశనగ విత్తుకోవాలి, లేదంటే ఆ ఏడు గోవిందా. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడప దగ్గర తటపటాయిస్తుంటే, నాయన విత్తనాల గొర్రుకు కట్టడానికి ఎద్దుల్ని విప్పుతూ, "నువ్వు పోప్పా. నువ్వు గొర్రు తోలితే సాళ్లన్నీ పాము మాదిరి పోతాయి. ఆడైనా పనికొస్తావేమో చూడు" అన్నాడు. అది తిట్టో దీవెనో తేల్చుకోలేకుండానే బస్సెక్కాను.

తీరా వెళితే వరండాలో నేనొక్కణ్నే. లోపల, కోస్తా నుంచి వచ్చిన నిపుణుడు ఆశ్చర్యపోతున్నాడు: "మిగతావాళ్లేరండీ? మా వైపు ఒక్క పోస్టంటే వరండా పట్టదు!" ఇంటర్వ్యూ చేసే పెద్ద ప్రొఫెసరు మాత్రం తాపీగా, "పదునైంది కదా సార్, విత్తేదానికి పోయింటారు" అన్నారు. బెళుగుప్ప నుంచి రావలసిన అభ్యర్థి అయితే ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "బాడుగెద్దులు దొరికినాయి సార్, ఇంటర్వ్యూ రేపు పెట్టుకుంటే బాగుంటాది" అని సలహా కూడా ఇచ్చాడట.

లోపలికి పిలిచాక నేను నా పరిశోధనలోని సమీకరణాలు చెప్పడం మొదలుపెట్టాను. ప్రొఫెసరు కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్నారు. సగంలో ఆపి, "అదంతా సరే, మీ పక్క ఎంత పదును?" అన్నారు.

"జానెడు దిగిండాది సార్."

"మరి నువ్వు ఈడేం చేస్తాండావు?"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అబద్ధమేదీ తోచక, "నాకు సేద్యం రాదు సార్, నాయన గొర్రు ముట్టుకోనీలేదు" అనేశాను. ఆయన పడీపడీ నవ్వి నిపుణుడి వైపు తిరిగారు. "పదునునాడు ఇంటర్వ్యూకొచ్చినోడు ఇంక యాడా పనికిరాడు సార్. మనమే పెట్టుకోవల్ల." సంతకం చేసి గబగబా లేచారు. (అప్పుడు చూశాను, ఆయన ప్యాంటు అంచులకు తడి ఎర్రమట్టి.)

ఊళ్లో బస్సు దిగి నేరుగా చేనుకే పరుగెత్తాను. ఉద్యోగం వచ్చిందంటే నాయన గొర్రు ఆపకుండానే, "ఎన్నేండ్లకు?" అన్నాడు.

"రెండేండ్లకు."

"ఆ తర్వాత?"

"మళ్లా ఇంకోటి వెతుక్కోవల్ల."

అప్పుడు ఎద్దుల్ని నిలిపి నన్ను ఎగాదిగా చూశాడు. "మన సేద్యం మాదిరే ఉండాదే నీ ఉద్యోగం! సరేలే, మనింటోడివే."

ఇప్పుడు నాది పదవీ విరమణ దాకా కదలని ఉద్యోగం. హాయిగానే ఉన్నాను. అయినా, నలిగిన ఇస్త్రీ చొక్కాతో బురద గట్టు మీద నిలబడి, రెండేళ్లంటే జీవితమంతా అనుకుని మురిసిపోయిన ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. నాయన చేత "మనింటోడివే" అనిపించుకున్నందుకు వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.